సగం నిండిన గ్యాస్ బండ తెల్లవారుజామున ఎందుకు మొరాయించింది: ఒక వసతిగృహం వంటగది కేసు

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక వసతిగృహం. నాలుగు వందల మంది పిల్లలకు మూడు పూటలా వంట. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడి గాలి 10 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. వంటగది వెనుక ఇటుక గోడలతో కట్టిన చిన్న గది, దానికి రేకు తలుపు. లోపల 19 కిలోల వాణిజ్య గ్యాస్ బండలు (సిలిండర్లు) నాలుగు. రెండు వాడకంలో, రెండు మార్చుకోవడానికి సిద్ధంగా. బండలను కలిపే ఉమ్మడి గొట్టం, అంటే మానిఫోల్డ్, నుంచి వచ్చే గ్యాస్‌ను మొదటి రెగ్యులేటర్ 1 బార్‌కు తగ్గించి మూడు పెద్ద భట్టీ పొయ్యిలకు పంపుతుంది. బార్ అంటే పీడనానికి కొలత. ఈ కేసులో చెప్పే బార్‌లన్నీ పీడనం కొలిచే గేజి చూపినవి, అంటే బయటి గాలి పీడనం మీద అదనంగా ఉన్నవి.

పొయ్యిలు నాలుగున్నరకు వెలుగుతాయి. ఒకదాని మీద ఎసరు, ఒకదాని మీద పప్పు, మూడోదాని మీద టిఫిన్. ఏడింటికల్లా అన్నీ దిగాలి.

ఎదురైన సమస్య

గ్యాస్ ఇబ్బందులు చూసే మాకు ఫిర్యాదు రెండు రకాలుగా వచ్చింది. కాంట్రాక్టరు మాట: "బండలల్ల గ్యాస్ తక్కువ నింపుతున్నరు, రెండు రోజులు కూడ వస్తలేవు." వంట మాస్టర్ మాట: "తక్కువ కాదు సార్, గ్యాస్ గడ్డ కడుతుంది. చూడండ్రి, బండ మీద మంచు." ఐదున్నర ప్రాంతంలో మూడు పొయ్యిల మంటా ఒకేసారి కుంగిపోతుంది. ఎసరు మరగదు. అప్పుడు బండలు మార్చేస్తారు. కొత్తవాటితో మంట మళ్లీ లేస్తుంది. దించిన బండలు 'ఖాళీ'ల లెక్కలో తిరిగి వెళ్లిపోతాయి.

ఇద్దరూ చూసింది నిజమే, చెప్పిన కారణాలు మాత్రం కావు. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. బ్యూటేన్ గడ్డకట్టాలంటే సున్నాకు 138 డిగ్రీలు దిగువకు పోవాలి, ప్రొపేన్‌కు 188 డిగ్రీలు. బండ మీది మంచు గాలిలోని తేమది. చల్లబడ్డ ఉక్కును తాకిన నీటి ఆవిరి కణాలు తమ వేగాన్ని ఆ ఉక్కుకు ఇచ్చేసి అక్కడే అతుక్కుపోతాయి. లోపల ద్రవం ద్రవంగానే ఉంటుంది. అయితే ఆ మంచు ఒక సంగతి చెబుతోంది. అది బండ అంతటా లేదు, కింది భాగంలోనే, గీత గీసినట్టు ఒక ఎత్తు వరకే ఉంది. ఆ గీతే లోపలి ద్రవమట్టం. అంటే 'ఖాళీ' అన్న బండలో ద్రవం ఉంది.

తూకం వేశాం. ప్రతి బండ మెడ దగ్గరి పట్టీ మీద ఖాళీ బరువు అచ్చు వేసి ఉంటుంది. దాన్ని తీసేస్తే, తిరిగి పంపడానికి పక్కన పెట్టిన బండల్లో ఒక్కోదానిలో 5 నుంచి 7 కిలోల గ్యాస్ మిగిలి ఉంది. కొత్తగా వచ్చిన వాటిని కూడా తూచాం, నింపిన బరువు సరిగ్గానే ఉంది. కాంట్రాక్టరు మూడో వంతు గ్యాస్‌ను డబ్బు కట్టి కొని, వాడకుండానే వెనక్కి పంపుతున్నాడు.

ఇంకో ఆధారం కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కొత్త బండలు పెట్టిన మొదటి తెల్లవారుజాము ఇబ్బంది ఉండదు. రెండో తెల్లవారుజామునే వస్తుంది, అప్పటికి ఒక్కో బండలో 9 కిలోలు ఉంటాయి. మధ్యాహ్నం వంటకు సగం తరిగిన బండలతోనూ ఇబ్బంది ఉండదు. రెగ్యులేటర్ పాడైతే పగలూ రాత్రీ ఒకేలా ఉండాలి, ఫిల్టర్ మూసుకుపోతే మొదటి రోజూ రెండో రోజూ ఒకేలా ఉండాలి. ద్రవం పరిమాణాన్ని, వేళను బట్టి మారే లోపం వేడికి సంబంధించినదే అయి ఉండాలి.

మేము రాకముందు చేసినవి

రెగ్యులేటర్ రెండుసార్లు మార్చారు. ఫిల్టర్ కడిగారు, రబ్బరు గొట్టాలు కొత్తవి వేశారు. ఫలితం లేదు. కారణం పైన చెప్పిందే: అడ్డంకి గొట్టంలో లేదు, గొట్టంలోకి రావాల్సిన పీడనమే లేదు.

బండ మీద వేడినీళ్లు పోశారు. పది, పదిహేను నిమిషాలు మంట లేచింది. ఇది పనిచేస్తుంది కాబట్టే ప్రమాదం. ద్రవరూప గ్యాస్ పది డిగ్రీలు వేడెక్కితే 2 నుంచి 3 శాతం వ్యాకోచిస్తుంది, నీటికంటే చాలా ఎక్కువ. బండను పూర్తిగా నింపకుండా పైన ఖాళీ వదిలేది ఇందుకే. నిండు బండ మీద మరిగే నీళ్లు పోస్తే ఆ ఖాళీ కుంచించుకుపోతుంది. ద్రవం బండను పూర్తిగా నింపేస్తే ఆపైన ఎక్కే ప్రతి డిగ్రీకీ పీడనం విపరీతంగా పెరుగుతుంది, ఎందుకంటే ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ద్రవ కణాలను ఇంకా దగ్గరకు నొక్కడం దాదాపు సాధ్యం కాదు.

ఒకరోజు బండను పక్కకు పడుకోబెట్టారు. ఇది అన్నిటికంటే చెడ్డ పని. నిలబెట్టిన బండలో వాల్వు దగ్గర ఉండేది ఆవిరి. పడుకోబెడితే వాల్వు దగ్గరకు ద్రవం వస్తుంది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. ఆవిరి కోసం తయారైన రెగ్యులేటర్‌లోకి ద్రవం వెళితే ఆ వ్యాకోచం గొట్టంలోనూ బర్నర్‌లోనూ జరుగుతుంది. ఆ రోజు మంట పసుపు రంగులో మూరెడు ఎత్తు లేచిందని సహాయకురాలు చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ కేసులో మొట్టమొదట ఆపించింది ఈ పనినే.

చివరిగా గోనె సంచులు. చలికి బండ గడ్డకడుతోందని బండలకు సంచులు చుట్టారు. మంట అంతకుముందుకంటే పది నిమిషాలు ముందే పడిపోయింది. దీన్ని అర్థం చేసుకుంటే మిగతా కేసంతా అర్థమైనట్టే.

లోపల జరుగుతున్నది

ద్రవంలో కణాలన్నీ ఒకే వేగంతో కదలవు. కొన్ని నెమ్మది, కొన్ని వేగం. ఉష్ణోగ్రత చెప్పేది వాటి సగటు గతిశక్తిని. ఉపరితలం దగ్గర బాగా వేగంగా ఉన్న కణమే పక్క కణాల ఆకర్షణను తెంచుకుని బయటికి దూకగలదు. అలా దూకినవి పైనున్న ఖాళీలో తిరుగుతూ గోడలను కొడతాయి, అదే పీడనం. కొన్ని మళ్లీ ద్రవంలో పడతాయి. వాల్వు మూసి ఉన్నప్పుడు వెళ్లేవి, తిరిగొచ్చేవి సమానమయ్యే దగ్గర పీడనం నిలుస్తుంది. ఆ పీడనాన్ని నిర్ణయించేది ద్రవం ఎంత వేడిగా ఉందన్నది, ఏ మిశ్రమం అన్నది. ద్రవం ఎంత మిగిలిందన్నది కాదు. అందుకే బండ పీడనాన్ని చూసి గ్యాస్ ఎంతుందో చెప్పలేం, ద్రవం ఎంత చల్లబడిందో మాత్రం చెప్పవచ్చు.

వాల్వు తెరిచి పొయ్యి వెలిగిస్తే పైనున్న ఆవిరి వెళ్లిపోతుంది, తిరిగి ద్రవంలో పడే కణాలు తగ్గుతాయి, వెళ్లేవే ఎక్కువవుతాయి. వెళ్లేవన్నీ వేగమైనవి. మిగిలినవాటి సగటు తగ్గుతుంది, అంటే ద్రవం చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. వంట మాస్టర్‌కు ఈ పోలిక చెప్పగానే ఆయనే అన్నాడు: "అయితే మనం కుండకు ప్లాస్టిక్ చుట్టినట్టు చేసినమా?" కాదు, బండ విషయంలో అది తిరగబడుతుంది. కుండకు ప్లాస్టిక్ చుడితే ఆవిరి ఆగి నీళ్లు చల్లబడవు. బండలోంచి ఆవిరిని పొయ్యి లాగుతూనే ఉంటుంది, గోనె దాన్ని ఆపలేదు. ఆపేది బయటి గాలి నుంచి ఉక్కుకు రావాల్సిన వేడిని. లోపలి ద్రవం −5 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 13 డిగ్రీల గాలి దానికి పొయ్యిలాంటిది. మనకు చలి వేస్తే దుప్పటి కప్పుకుంటాం, ఎందుకంటే మన ఒళ్లు లోపలి నుంచి వేడి పుట్టిస్తుంది. బండ వేడి పుట్టించదు. దానికి దుప్పటి కప్పితే గాలి ఇచ్చే కొద్దిపాటి వేడి కూడా అందదు.

లెక్క ఇలా వేశాం. మూడు పొయ్యిలూ పూర్తి మంటలో ఉంటే రెండు బండలు కలిపి గంటకు 3.6 కిలోలు తగ్గుతున్నాయి, ఒక్కోదానికి 1.8 కిలోలు. ఒక కిలో ద్రవం ఆవిరి కావడానికి సుమారు 370 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి, అంటే బండకు గంటకు సుమారు 665 కిలోజౌళ్లు. అవి రెండు చోట్ల నుంచే రాగలవు. మొదటిది బయటి గాలి. సగం నిండిన బండలో ద్రవం తాకే ఉక్కు వైశాల్యం సుమారు 0.4 చదరపు మీటరు. కదలని గాలి నుంచి ఒక చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు సుమారు 10 వాట్ల వేడి చేరుతుంది. బండ గాలికంటే సగటున 10 డిగ్రీలు చల్లగా ఉందనుకుంటే 40 వాట్లు, గంటకు సుమారు 145 కిలోజౌళ్లు. కావాల్సినదానిలో నాలుగో వంతు కూడా కాదు. మిగిలిన 520 కిలోజౌళ్లను ద్రవమూ ఉక్కూ తమ వేడిలోంచే ఇవ్వాలి. 9 కిలోల ద్రవం, దాన్ని చుట్టిన ఉక్కు కలిసి ఒక డిగ్రీ చల్లబడితే ఇచ్చేది 27 కిలోజౌళ్ల చిల్లర. అంటే గంటలో 18, 19 డిగ్రీలు పడాలి.

నిండు బండ మొదటి రోజు ఎలా గట్టెక్కుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ద్రవం రెట్టింపు ఉంటే నిల్వ ఉన్న వేడి దాదాపు రెట్టింపు, ద్రవం తాకే గోడ, అంటే గాలి వేడి చేరే చోటు, కూడా ఎక్కువ. చల్లబడుతుంది కానీ ఏడు గంటల లోపు మంట కుంగేంతగా కాదు.

రెండో రోజు తెల్లవారుజామున రెగ్యులేటర్‌కు ముందు గేజి పెట్టి, బండ కింది భాగానికి థర్మామీటర్ అతికించి చూశాం. నాలుగున్నరకు 13 డిగ్రీలు, 3.0 బార్. ఐదింటికి 4 డిగ్రీలు, 2.0 బార్. ఐదున్నరకు −5 డిగ్రీలు, 1.0 బార్. రెగ్యులేటర్ ఇవ్వాల్సింది 1 బార్. దానికి వచ్చేదే 1 బార్ అయితే అది పూర్తిగా తెరుచుకుని ఉన్నా చేయగలిగిందేమీ లేదు. మంట కుంగింది సరిగ్గా అప్పుడే.

రెండో రోజు ఇబ్బందికి ఇంకో కారణం తోడైంది. సాధారణ వాతావరణ పీడనం దగ్గర ప్రొపేన్ −42 డిగ్రీలకు మరుగుతుంది, బ్యూటేన్ −0.5 డిగ్రీలకు. ప్రొపేన్ కణాల మధ్య ఆకర్షణ తక్కువ, అవి ముందు వెళ్లిపోతాయి. బండ తరిగేకొద్దీ మిగిలేదాంట్లో బ్యూటేన్ పాలు పెరుగుతుంది. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర గేజి మీద దాదాపు ఏమీ చూపదు. చివరి కిలోలు మొండికేసేది ఇందుకే.

నిర్ధారణకు ఒక చిన్న పరీక్ష చాలు. ఐదున్నరకు దించిన బండలను తలుపు తీసిన గదిలో పదకొండు వరకు అలాగే నిలబెట్టాం. ఏమీ నింపలేదు, ఏమీ మార్చలేదు. తిరిగి బిగిస్తే మంట నిండుగా వచ్చింది. కాంట్రాక్టరు అనుమానం అక్కడితో తీరింది.

ఏం చేయాలో నిర్ణయించడం

దారులు నాలుగు కనిపించాయి.

బండలను నీళ్ల తొట్టిలో నిలబెట్టడం చాలా వంటగదుల్లో ఉన్న అలవాటు. భౌతికశాస్త్రం ప్రకారం ఇది చక్కగా పనిచేస్తుంది. గాలికంటే నీటిలో కణాలు ఎంతో దగ్గరగా ఉంటాయి కాబట్టి ఉక్కును తాకి వేడి ఇచ్చేవి లెక్కకు మిక్కిలి. వంద లీటర్ల నీరు పది డిగ్రీలు చల్లబడితే సుమారు 4,200 కిలోజౌళ్లు, అంటే 11 కిలోల గ్యాస్‌ను ఆవిరి చేయగల వేడి. అయినా వద్దన్నాం. అడుగు వలయం తుప్పు పడుతుంది, తుప్పు ఎక్కడ పడిందో నీటి కింద కనిపించదు. పైగా ఖాళీ అయ్యేకొద్దీ బండ నీళ్లలో తేలి ఒరుగుతుంది, బిగించి ఉన్న గొట్టం మీద బరువు పడుతుంది.

ద్రవాన్నే బయటికి తీసి వేపరైజర్ అనే వేడిచేసే పరికరంలో ఆవిరి చేయడం రెండోది. గంటకు 3.6 కిలోలకు కావాల్సిన వేడి 0.4 కిలోవాట్ కంటే తక్కువే. అదే గ్యాస్ మంటగా ఇచ్చేది దాదాపు 46 కిలోవాట్లు. ఇంత చిన్న వేడి కోసం వేరే బండలు, వేరే వాల్వులు, తెల్లవారుజామున నమ్మకమైన కరెంటు, ఏటా తనిఖీ. గంటకు పది, పదిహేను కిలోలు వాడే చోట అదే సరైన దారి. ఇక్కడ అవసరం కనిపించలేదు.

మూడోది వాడకంలో ఉండే బండల సంఖ్య పెంచడం. నాలుగోది అసలు లాగే గ్యాస్‌నే తగ్గించడం. ఈ రెండూ కలిపి చేశాం.

విఫలమైన మా మొదటి ప్రయత్నం

ఖర్చు లేకుండా అవుతుందేమోనని ఉన్న నాలుగు బండలనూ ఒకేసారి తెరిచాం. బండకు గంటకు 0.9 కిలోలు. మంట ఐదున్నర దాటింది, ఆరున్నర ప్రాంతంలో కుంగింది. గేజి 1.0 బార్, బండ −4 డిగ్రీలు. లెక్క ముందే చెప్పాల్సింది: 0.9 కిలోలకు 92 వాట్లు కావాలి, 0.4 చదరపు మీటరు గోడ అన్ని వాట్లు ఇవ్వాలంటే గాలికీ బండకూ 23 డిగ్రీల తేడా ఉండాలి. 13 డిగ్రీల గాలిలో అది −10. నాలుగూ కలిసి చల్లబడటంతో మార్చుకోవడానికి ఒక్క బండ కూడా మిగల్లేదు. ఆ రోజు టిఫిన్ ఆలస్యమైంది. అన్ని బండలూ ఒకేసారి తెరిచే ఏర్పాటు ఏదైనా, పక్కన తాజా వరుస లేకుండా చేయకూడదు.

పనిచేసినవి

వాడకంలో ఆరు, సిద్ధంగా ఆరు ఉండేలా మానిఫోల్డ్ మార్చాం. ఈ సంఖ్యకు నిల్వ అనుమతి, గోడల నుంచీ నిప్పు నుంచీ ఉండాల్సిన దూరాలు మారతాయి. అవి చూసుకున్నాకే పని మొదలైంది. ప్రతి బండ గొట్టానికీ వెనక్కి పోనివ్వని వాల్వు ఉండాలి. లేకపోతే వెచ్చని బండలోని ఆవిరి చల్లని బండలోకి పోయి అక్కడ మళ్లీ ద్రవమవుతుంది. ఆరూ ఒకేసారి కొత్తవి పెట్టకుండా మూడు కొత్తవి, మూడు సగంవి ఉండేలా వంతులు వేశాం. బిగింపులన్నీ సబ్బు నురగతో చూశాం.

గోనె సంచులు తీసేశాం. రేకు తలుపు స్థానంలో జాలీ తలుపు పెట్టి, గోడలకు నేల దగ్గర గాలి సందులు వదిలించాం. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి కింది సందులు భద్రతకు ఎలాగూ ఉండాల్సినవే. ఇక్కడ ఇంకో పని కూడా చేస్తాయి: బండను తాకి చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి జారి ఆ సందుల్లోంచి పోతుంది, దాని చోటికి పైనుంచి వెచ్చటి గాలి వస్తుంది. బండల మధ్య బెత్తెడు ఎడం ఉంచాం, ఆనించి పెడితే మధ్యలోని గాలి కదలదు.

ఇక పొయ్యి దగ్గర. ఎసరు తెర్లడం మొదలయ్యాక కూడా పూర్తి మంట పెట్టే అలవాటు అక్కడ ఉండేది. మరుగుతున్న నీరు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆ తర్వాత ఇచ్చే వేడి కణాల సగటు వేగాన్ని పెంచదు, వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికే ఖర్చవుతుంది, కిలో నీటికి 2,257 కిలోజౌళ్లు. బియ్యం ఉడకడానికి కావాల్సింది ఆ ఉష్ణోగ్రత, ఆవిరి కాదు. గుండిగకు మూత, మరుగు రాగానే మంట సగానికి. పప్పు పొయ్యిని ఎసరు మరిగాకే వెలిగించడం. ఈ రెండింటితో గంటకు 3.6 కిలోలు 2.9 అయింది. పైన గుండిగలో జరిగేదీ వెనుక గదిలో బండలో జరిగేదీ ఒకే మార్పు, మరుగు ఉష్ణోగ్రతే వేరు. ఒకచోట అనవసరంగా నీటిని ఆవిరి చేయడం ఆపితే, ఇంకోచోట గ్యాస్‌ను ఆవిరి చేయాల్సిన అవసరం తగ్గింది.

ఇప్పుడు బండకు గంటకు అర కిలో కంటే తక్కువ. సుమారు 50 వాట్లు, అంటే 12, 13 డిగ్రీల తేడా దగ్గర వేడి రాకపోకలు సమానమవుతాయి, అక్కడికి చేరేలోపే వంట అయిపోతుంది. సగం బండలతో మొదలుపెట్టిన తెల్లవారుజామున ఏడింటికి చూస్తే 4 డిగ్రీలు, 1.8 బార్. బండ మీద తడి ఉంది, మంచు లేదు.

ఈ కేసు నుంచి మా పనిలోకి వచ్చినవి

గ్యాస్ తక్కువ వస్తోందన్న ఫిర్యాదుకు ఇప్పుడు మొదట అడిగేది మూడే: ఏ వేళ, బండ ఎంత నిండి ఉంది, మంచు ఎక్కడుంది. మంచు బండ కింది భాగంలో ఉంటే లాగే వేగం ఎక్కువ. రెగ్యులేటర్ మీదే ఉండి బండ పొడిగా ఉంటే దానిలోకి ద్రవమో తేమో వెళుతోందని అనుమానించాలి, అప్పుడు పొయ్యి కట్టేయించి చూడాలి. ఎక్కడా మంచు లేకుండా మంట కుంగితే రెగ్యులేటర్, ఫిల్టర్, గొట్టం వరుసగా విప్పవచ్చు. ఈ కేసులో రెండు రెగ్యులేటర్లు మార్చింది ఈ వరుస తిరగేసినందుకే.

గేజి మీద 1.5 బార్ దగ్గర ఎర్ర గీత గీశాం. ముల్లు అక్కడికి దిగితే వంట మాస్టర్ సిద్ధంగా ఉన్న వరుసలో రెండు బండలు అదనంగా తెరుస్తాడు, నీళ్లు పోయడు, కదపడు. తరిగిపోయి బ్యూటేన్ ఎక్కువగా మిగిలిన బండలను తెల్లవారుజాము వరుస నుంచి తీసి, గాలి 28 డిగ్రీలు దాటే మధ్యాహ్నం వంటకు పెడుతున్నారు. ఇప్పుడు తిరిగి వెళ్లే బండల్లో తూకానికి మిగులుతున్నది కిలో, కిలోన్నర.